మెకంజీ - కావలి సోదరులు: పరిశోధనమున సహచరుని ఎన్నిక

పరిశోధనము ఒంటరి కృషియని పలువురు తలంతురు. కాని విషయము విస్తృతమైనపుడు ఒక్కని శక్తి చాలదు. అట్టియెడ ధనముకంటెను గ్రంథములకంటెను ముందుగా కావలసినవాడు తగిన సహచరుడు. ఆంధ్రదేశ చరిత్రకు ముఖ్యాధారములలో నొకటియగు కైఫీయతుల సేకరణమును పరిశీలించినచో ఈ విషయము విశదమగును. ఆ సేకరణము కర్నల్ కాలిన్ మెకంజీ పేర ప్రసిద్ధమైనది. ఆయనకు దారి చూపిన కావలి సోదరుల పేరు అంతగా ప్రచారమునకు రాలేదు. అందులకు కారణమేమో ఇచట విచారింతుము.

మెకంజీ 1754లో స్కాట్లండుదేశపు లూయిస్ ద్వీపమున జన్మించి, 1783లో మదరాసు చేరెను. ఈస్టిండియా కంపెనీ సైన్యమున ఆయన ఇంజనీరు. ఈ దేశ చరిత్రపై కుతూహలమున్నను, తొలి పదుమూడేండ్లలో ఆయన సాధించినది స్వల్పము. 1796లో సింహళమునుండి మరలివచ్చిన పిమ్మట ఏలూరి కావలివారి కుటుంబమునకు చెందిన వెంకట బొఱ్ఱయ్యతో ఆయనకు సంబంధ మేర్పడెను. భారతీయ విజ్ఞానద్వారమున తన తొలి అడుగు ఆ పరిచయమేయని మెకంజీ 1817లో సర్ అలెగ్జాండర్ జాన్‌స్టనునకు వ్రాసిన లేఖలో స్వయముగా నంగీకరించెను.

బొఱ్ఱయ్య అప్పటికి ఇరువదేండ్ల యువకుడు. ఆయన బహుభాషాభిజ్ఞుడు, హళగన్నడ శాసనములను చదువ నేర్చినవాడు. అంతకు మించిన గుణము మరియొకటి కలదు. గ్రామమునకు మోజణీదారు వచ్చెననగా శిస్తు పెరుగునేమోయను శంక సహజము. అట్టిచోట కరణము కవిలెకట్ట విప్పవలెనన్నను, అర్చకుడు తాళపత్రము చూపవలెనన్నను, అడుగువానియందు నమ్మకము కుదురవలెను. బొఱ్ఱయ్య కలుపుగోలుతనము ఆ నమ్మకమును కల్పించినది. పాండిత్య మొక్కటియే చూచి సహచరుని నెన్నుకొనువారు ఈ అంశమును గమనింపవలెను.

మైసూరు సర్వే సాగుచుండగానే, 1803లో, బొఱ్ఱయ్య అకాలమరణము పొందెను. అయినను పని ఆగలేదు. తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించెను. నారాయణరావు మొదలగు సేకర్తలు జిల్లాలలో తిరిగి వ్రాతప్రతులను, వృత్తాంతములను పంపుచుండిరి. మరియొక సోదరుడు రామస్వామి దక్కను కవుల చరిత్రలను 1829లో ఇంగ్లీషున ప్రకటించెను. మంచి సహచరుడు తన పనితోపాటు తన తరువాత పని నడుపువారినికూడ సిద్ధపఱచుననుటకు ఇది నిదర్శనము.

1815లో భారతదేశ సర్వేయరు జనరల్ పదవి నందిన మెకంజీ 1821లో మరణించెను. ఆయన సేకరణమును కంపెనీ లక్షరూపాయలకు కొనెను. 1828లో విల్సన్ ప్రకటించిన పట్టికనుబట్టి అందు 1,568 వాఙ్మయ ప్రతులును, 8,076 శాసనపు నకళ్లును ఉండెను. మిగిలిన పని తాను కొనసాగింతునని లక్ష్మయ్య ప్రభుత్వమును అర్థించెను. ఆ విషయమున 1836లో ఏషియాటిక్ సొసైటీ పక్షమున అభిప్రాయమిచ్చిన జేమ్స్ ప్రిన్సెప్, లక్ష్మయ్య సహాయకుడుగా ఉపయోగపడినవాడే యైనను ఇంతటి కార్యమునకు చాలడని నిర్ణయించెను. పిమ్మట ఆ వ్రాతప్రతుల పరిశీలనము రెవరెండు విలియం టెయిలరు చేతికి వచ్చెను.

ప్రిన్సెప్ సామాన్యుడు కాడు. 1837లో బ్రాహ్మీలిపి రహస్యమును ఛేదించిన మేధావి. శాసనముల అర్థనిర్ణయమున ఆయనయు కమలాకాంత విద్యాలంకారుని తోడ్పాటు పొందినవాడే. కనుక ఇది ఒక వ్యక్తి దోషమని మేము తలంపము. సేకరించువా డొకడు, ఆలోచించువాడు వేఱొకడు అను ఆనాటి భావనయే ఇందులకు మూలము. ఏ ఊర ఏ పత్రము ఎట్లు లభించినదో ఎఱిగినవాడు లక్ష్మయ్య. ఆ యెఱుక పట్టికలకు ఎక్కునది కాదు. ఆయనను తొలగించుటచే నష్టపడినది ఆయన మాత్రమే కాదు, చరిత్రయు.

మెకంజీ సహచరుని ఎన్నికలో పొరపడలేదు. కాని ఆ సహచర్యము ఒక్కని స్నేహముపై నిలిచినది. ఆ స్నేహితుడు గతించినంతనే సహచరుడు సేవకుడుగా పరిగణింపబడెను. నేడును సమష్టి పరిశోధనమునకు పూనుకొనువారు తగినవాని నెన్నుకొనుటతో తృప్తిపడరాదు. ఫలమున అతని భాగమేమో, తమ తరువాత అతని స్థానమేమో ముందుగానే నిర్ణయించి వ్రాసియుంచవలెను. కైఫీయతులను చదువునప్పుడెల్ల మేము ఈ సోదరులను స్మరించుట అందులకే.