ప్రాచీన రజతనాణెములు: వాని స్థితి, వాని విలువ

మన గృహములలో పూజామందిరమునందో, భోషాణపు అడుగుననో, కుంకుమభరిణెలోనో ఒకటిరెండు పాత వెండినాణెములు లేని యిల్లు అరుదు. వికారాబాదు, తాండూరు ప్రాంతములలో నిది మఱింత సామాన్యము. అవి తాతముత్తాతల నాటివని చెప్పువారే కాని, యే రాజు వేయించినవో, యే టంకసాలలో తయారైనవో చెప్పగలవారు తక్కువ. ఇల్లు మరమ్మతు చేయించునపుడో, ఆడపిల్ల పెండ్లికి నగలు చేయించునపుడో యవి బయటపడును. అప్పుడు రెండే ప్రశ్నలు పుట్టును. తూకమెంత? వెల యెంత? మొదటిదానికి కంసాలి త్రాసును, రెండవదానికి బజారును బదులు చెప్పును. ఆ నాణెము మనకేమి చెప్పుచున్నదను మూడవ ప్రశ్న నడుగువారు లేక యెన్నియో నాణెములు మూసలో కరగిపోయినవి. ఈ మూడు ప్రశ్నలకును గల సంబంధమును విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ముందుగా నీ ప్రాంతముయొక్క ఉనికిని గమనింతము. 1874లో సికిందరాబాదునుండి వాడివఱకు ఇనుపదారి పడినది. వికారాబాదు, తాండూరు ఆ దారిమీది స్టేషనులు. అయితే రైలు రాకకు శతాబ్దములకు పూర్వమే ఈ నేల రాజధానుల నడుమ నుండినది. పడమట గుల్బర్గా, ఉత్తరమున బీదరు, తూర్పున గోలకొండ. వీనికన్నను ప్రాచీనమైన కొండాపురము సంగారెడ్డి చేరువ నున్నది. అచ్చట 1940–42 సంవత్సరములలో హైదరాబాదు పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరుపగా శాతవాహనుల నాణెములు వందలకొలదిగా లభించినవి. వానిలో నధికభాగము సీసము, రాగి, మిశ్రలోహములతో చేసినవి. వెండి అరుదు. సామాన్యజనుల చేతులలో మెలగినది చిల్లరలోహమనియు, వెండి పెద్ద వ్యాపారములకు, రాజుల అవసరములకు వినియోగపడినదనియు దీనివలన నూహింపవచ్చును.

వెండి నాణెములలో మిక్కిలి పురాతనములైనవి కార్షాపణములు. క్రీస్తునకు పూర్వము కొన్ని శతాబ్దములనాడు ఇవి దేశమంతట చెలామణియైనవి. వెండిరేకును ముక్కలుగా కత్తిరించి, ఒక్కొక్క ముక్కపై సూర్యుడు, కొండ, చెట్టు, జంతువు మొదలగు చిహ్నములను విడివిడిగా గ్రుద్దెడివారు. సామాన్యముగా ముందువైపున ఐదు ముద్రలుండును. తూకము 32 గురిగింజల యెత్తు, అనగా నేటి లెక్కలో మూడున్నర గ్రాముల లోపు. వీనిని తొలిసారి చూచువారు మూలలు తెగియుండుటచే విఱిగిన నాణెములని భావింతురు. అది నిజము కాదు. తూకము సరిచేయుటకై టంకసాలలోనే మూలలను కత్తిరించెడివారు. ఆ కోత నాణెపు లోపము కాదు, నాణెము సరియైన తూకము గలదనుటకు గుఱుతు. కనుక నొక నాణెముయొక్క స్థితి నిర్ణయింపవలెనన్న ముందది యెట్లు తయారైనదో తెలిసికొనవలెను. పుట్టుమచ్చకును, గాయపు మచ్చకును భేదము తెలియనివాడు వైద్యము చేయజాలడు గదా!

శాతవాహనుల వెండినాణెములు తరువాతివి. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి మొదలగు రాజుల ముఖములతో నివి వెలువడినవి. ఇవి చిన్నవి, పలుచనివి, దొరకుట కష్టము. వీనియందు తెలుగువారి మనసు నాకర్షింపవలసిన విశేషమొకటి కలదు. రాజుముఖమున్న వైపున వ్రాత ప్రాకృతము. వెనుకవైపున నదే బిరుదావళి మఱియొక భాషలో నున్నది. కొడుకు అను అర్థమున ప్రాకృతములో 'పుతస' అని యుండగా, వెనుకవైపున 'మకణకు' అని పండితులు చదివిరి. ఇది ద్రావిడభాషారూపమనుటలో సందేహము లేదు. కొందఱు తమిళమనిరి. కొందఱు దక్కనులోని యొక దేశభాష యనియు, తెలుగునకు చేరువ యనియు తలచిరి. వాదము నేటికిని తీరలేదు. రాజశాసనములన్నియు ప్రాకృతమున వెలువడిన ఆ కాలములో జనుల పలుకును ముద్రించిన సాక్ష్యమిది. ఆ యక్షరములున్నవి నాణెపు టంచున! అరుగుటయందును, తోముటయందును మొట్టమొదట మాయమగునది ఆ యంచే. ముఖము స్పష్టముగానుండి, అంచు పోయిన నాణెము చూపులకు సొంపుగ నుండును. ముఖమరిగి, అంచున నాలుగక్షరములు మిగిలిన నాణెము భాషాచరిత్రకు ప్రాణమిచ్చును. ఈ రెంటిలో దేని స్థితి మేలు? బజారువాని తీర్పొకటి, చరిత్రకారుని తీర్పు వేఱొకటి కావచ్చును.

దీనికి మఱింత బలవత్తరమైన నిదర్శనము నాసికజిల్లాలోని జోగల్తెంబి. అచ్చట 1906లో నొక నిక్షేపము బయటపడినది. క్షహరాత రాజైన నహపానుని వెండినాణెములు పదుమూడువేలకు పైగా నందుండెను. వానిలో తొమ్మిదివేలకు మించినవానిపై గౌతమీపుత్ర శాతకర్ణి తన చిహ్నములను తిరిగి గ్రుద్దించెను. నహపానుని ముఖముమీదనే శాతవాహనుల ముద్ర! అందమును మాత్రమే చూచువానికి నివి చెడిన నాణెములు. ముఖము నలిగినది, అక్షరములు చితికినవి. కాని శాతకర్ణి నహపానుని గెలిచెననుటకు దీనికన్న సూటియైన సాక్ష్యము దొరకదు. ఇంకొక సంగతి. ఆ నిక్షేపము నంతటిని ఒకచోట నుంచి లెక్కించుటచేతనే, ఎన్ని తిరిగి ముద్రితములైనవో, ఎన్ని కాలేదో తెలిసినది. ఆ కుండ దొరకిన దినముననే పదిమంది పంచుకొని పదియూళ్లలో నమ్మియుండినచో వెండి నిలిచెడిది, చరిత్ర పోయెడిది. నాణెమునకు దాని తోడి నాణెములే సాక్షులు. దొరకిన చోటే దాని చిరునామా.

శాతవాహనుల తరువాత దక్కనులో వెండినాణెము చాలకాలము మఱుగుపడినది. మన దేశమున వెండిగనులు స్వల్పము, వెండి పరదేశములనుండి రావలసినది. 1347లో గుల్బర్గాయందు బహమనీ రాజ్య మేర్పడినప్పుడు వెండిటంకములు విరివిగా వెలువడినవి. గుల్బర్గాను అహసనాబాదనియు, బీదరును ముహమ్మదాబాదనియు వానిపై ముద్రించిరి. తాండూరునకు పడమటను, వికారాబాదునకు ఉత్తరమునను గల టంకసాలలే యవి. గోలకొండ కుతుబుషాహీలు ముద్రించినవి ప్రధానముగా రాగికాసులు. 1687లో మొగలులు గోలకొండను జయించినపిదప హైదరాబాదు పేర వెండిరూపాయలు వచ్చినవి. ఆసఫ్‌జాహీ ప్రభువులు సహితము 1857 వఱకు మొగలు పాదుషాల పేరనే నాణెములు కొట్టించిరి.

మన భోషాణములలో దొరకునవి ప్రాయికముగా నీ కడపటి కాలమువే. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున నిజాం రాజ్యములో టంకసాల యొక్కటి కాదు. నారాయణపేట, గద్వాల, కల్యాణి మొదలగు చోట్ల వేఱు టంకసాలలుండెను. తాండూరునకు దక్షిణముననున్న నారాయణపేట రూపాయలపై దిల్‌షాదాబాదు అను పేరున్నట్లు నాణెశాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఊరికొక రూపాయ, రూపాయకొక మాఱకము. రైతు కందులమ్మి తెచ్చుకొన్న రూపాయను పన్నుగా కట్టబోగా షరాబు వట్టము తీసికొనును. నాణెములు పెక్కయినచోట లెక్క తెలిసినవానిది లాభము, లెక్క తెలియనివానిది నష్టము. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగు స్థానిక టంకసాలలను క్రమముగా మూయించి హైదరాబాదు నాణెమును స్థిరపఱచెను. అదియే హాలీసిక్కా, అనగా నడుచుచున్న నాణెము.

హాలీసిక్కాకును, కల్దారనబడిన బ్రిటిషు రూపాయకును గల భేదము మన పెద్దలకు నోటిలెక్కగా తెలిసినదే. నూఱు కల్దారులకు హాలీ 116 రూపాయల 10 అణాల 8 పైలు. అనగా ఆఱు కల్దారులకు ఏడు హాలీలు. ఈ లెక్క యేల వచ్చినది? కల్దారు తూకము 180 గ్రెయినులు, అనగా తులము. అందు పండ్రెండింట పదునొకండు పాళ్లు, అనగా 165 గ్రెయినులు శుద్ధమైన వెండి. యంత్రముద్రితమైన హాలీ తూకము 172½ గ్రెయినులు, వెండి వేయింట 818 పాళ్లు. లెక్కింపగా శుద్ధమైన వెండి 141 గ్రెయినులు. 165ను 141చే భాగించినచో ఇంచుమించుగా నదే మాఱకము వచ్చును. కావున తూకమును, వన్నెను చరిత్రకారుడు తృణీకరింపరాదు. త్రాసు శత్రువు కాదు. అది చెప్పు మాట నిజము, కాని యది చెప్పునది మొదటిమాట మాత్రమే.

చేతితో కొట్టిన రూపాయల స్థితిని పరీక్షించుట కొక పద్ధతి కలదు. అచ్చు పెద్దది, వెండిబిళ్ల చిన్నది. సుత్తిదెబ్బ పడినప్పుడు అచ్చులోని వ్రాతయంతయు బిళ్లపై పడదు. ఒకదానిపై సంవత్సరము పడును, ఊరిపేరు జాఱిపోవును. మఱియొకదానిపై నూరిపేరు పడును, సంవత్సరము పోవును. కావున క్రొత్తదివలె మెఱయుచు ఊరిపేరు లేని రూపాయకన్న, అరిగియు ఊరిపేరును, సంవత్సరమును నిలుపుకొన్న రూపాయ విలువగలది. దానిపై కానవచ్చు చిన్నగంట్లు షరాబులు లోపలి లోహమును పరీక్షించుటకు వేసినవి. సేకరించువారు వానిని చూచి ముక్కు విఱతురు. కాని పలుటంకసాలల కాలమున బజారులో నెంత యపనమ్మకముండెనో చెప్పునవి ఆ గంట్లే.

ఇట్లే కొక్కెములతికిన రూపాయలు. ఈ ప్రాంతపు తాండాలలో లంబాడీ స్త్రీలు రూపాయలను దండగా గ్రుచ్చి ధరించిరి. రంధ్రము పడినందున బజారులో దానివెల తగ్గును. కాని బ్యాంకు చేరువలేని కాలమున నా స్త్రీకి మెడలోని దండయే నిలువధనము. కరువువచ్చినప్పుడు ఒక్కొక్క రూపాయ దండనుండి జాఱెడిది. రాజు ముఖము రాజుకథ చెప్పును. రూపాయకు పడిన రంధ్రము ఆ గృహిణి కథ చెప్పును. చరిత్ర రాజులకే పరిమితము కాదని నమ్మువారు ఈ రెండవకథను త్రోసిపుచ్చరాదు.

1903–04 ప్రాంతమున యంత్రముతో కొట్టిన చార్మినారు రూపాయ వచ్చినది. ద్వారమునడుమ 'మీము' అక్షరమున్నచో మహబూబ్ అలీఖానునిది, 'ఐను' ఉన్నచో 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖానునిది. ఇవి లక్షలకొలదిగా ముద్రితములైనవి. కనుక సామాన్యమైన చార్మినారు రూపాయ పురాతనమను పేరుతో గొప్పవెల యాశింపరాదు. వయస్సొకటే వెల తేదు. అరుదుదనము, స్థితి, కోరువారు మువ్వురు కూడినప్పుడే వెల పెరుగును. వెల యున్నచోట మోసమును ఉండును. పోతపోసిన నకిలీలకు అంచున అతుకుగీత, పైన సన్నని బుడగల గుంటలు కానవచ్చును, తూకము తప్పును.

ఇక గృహస్థులు చేయవలసిన దేమి? మొదటిది, తోమకుండుట. పండుగపండుగకు లక్ష్మీపూజకై చింతపండు, బూడిద పెట్టి తోమిన నాణెము నునుపైన బిళ్లగా మాఱుచున్నది. వెండిపై నేర్పడిన నల్లనిపొర మురికి కాదు. దానిని రాపిడిపెట్టి తీసినచో దానితోపాటు అక్షరమును పోవును. పూవుతో పూజింపవచ్చును, పీచుతో రాయనవసరము లేదు. రెండవది, ఎక్కడ దొరకినదో, వేనితో దొరకినదో, తూకమెంతో యొక కాగితముపై వ్రాసి నాణెముతో నుంచుట. నేడు చేతిఫోనుతో రెండువైపుల బొమ్మలు తీయుట యందఱికిని సాధ్యమే. మూడవది, పొలములోనో, పునాదిలోనో నిక్షేపము దొరకినచో విడదీయక కలెక్టరునకు తెలుపుట. ఇది చట్టప్రకారము విధి. నూఱేండ్లు దాటిన నాణెములను విదేశములకు పంపుటను 1972 నాటి పురావస్తుచట్టము నిషేధించినది.

ఈ మూడు పనులకును ధనమక్కఱలేదు, పాండిత్య మక్కఱలేదు. ఇంటి పెద్దదియైన అవ్వయే పిల్లలను కూర్చుండబెట్టి, ఈ రూపాయ ఎవరిది, మన యింటికెట్లు వచ్చినదని చెప్పి వ్రాయింపవచ్చును. సైఫాబాదులోని పాతటంకసాలలో 2022లో నొక ప్రదర్శనశాల తెఱవబడినది. పిల్లలకు దానిని చూపుట మంచిదే. కాని ప్రదర్శనశాలలోని నాణెమున కొక అద్దపుపెట్టె, ఒక కావలివాడు ఉన్నారు. మన భరిణెలోని నాణెమునకు మనము తప్ప వేఱు కావలి లేదు. వెండివెల నేడు పెరుగును, రేపు తగ్గును. కరగిన వెండిని మఱల కొనవచ్చును. కరగిన అక్షరమును కొనుటకు ఏ బజారును లేదు.