కౌతాళపు యుద్ధము – ఆదవాని సీమలోని అగ్నియంత్రములు

ఆదవానికి వాయవ్యదిశను, ఎమ్మిగనూరునకు పడమటను, తుంగభద్ర కించుక దక్షిణముగా కౌతాళమను గ్రామము గలదు. పూర్వము బళ్లారి మండలములోని ఆదవాని తాలూకాకు చెంది, 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు కర్నూలు మండలమున చేరిన యీ గ్రామము చరిత్రకారుల నోట పలుమారు వినబడుటకు కారణ మొక్క యుద్ధము. బహమనీ సుల్తానగు మొదటి మహమ్మదుషాకును విజయనగరపు బుక్కరాయల సేనకును 1366వ సంవత్సరము జూలై 23వ తేదీన జరిగిన ఘోరసంగ్రామ మీ ప్రాంతముననే జరిగియుండునని రాబర్టు స్యూయలు 1900లో ప్రకటించిన తన విజయనగర చరిత్రలో నూహించెను. ఆ సంగ్రామమున ఫిరంగులు మ్రోగినవని ఫెరిస్తా వ్రాసియున్నాడు. ఇదియే నిజమైనచో దక్షిణాపథమున తొలి ఫిరంగి ప్రేలినది యీ నల్లరేగడి పొలములలోనే యని చెప్పవలసి వచ్చును. ఇంత గొప్ప మాటను పరీక్షింపక గ్రహించుట తగదు.

ఫెరిస్తా చెప్పిన కథ యిది. సుల్తాను మద్యపానమత్తుడై, తన గాయకులకు బహుమాన మిమ్మని విజయనగరపు బొక్కసము పేర చీటి వ్రాసి పంపెను. బుక్కరాయలు ఆ దూతను గాడిదపై నూరేగించి మరలించి, ముద్గల్లు కోటను పట్టుకొనెను. పిమ్మట సుల్తాను దండెత్తి వచ్చి రాయల శిబిరమును కొల్లగొట్టగా ఏనుగులతోను గుఱ్ఱములతోను పాటు ఫిరంగి బండ్లు 300 దొరకెనట. వాని తోడ్పాటుతో సుల్తాను ఒక 'కార్ఖానా-ఎ-ఆతిష్‌బాజీ'ని నెలకొల్పి, ముకర్రబుఖానుని దాని కధిపతిని చేసి, రూమీలను, ఫరంగీలను అందు నియమించెననియు, అంతకుముందు దక్కనులోని మహమ్మదీయులలో నిది వాడుకలో లేదనియు ఫెరిస్తా చెప్పుచున్నాడు. ఆదవాని కోటను పట్టుటయే సుల్తాను సంకల్పము. కోటను ముట్టడించుటకు ముందే బహిరంగస్థలమున యుద్ధము తటస్థించెను.

ఫెరిస్తా తన గ్రంథమును బిజాపురమున, 17వ శతాబ్దారంభమున వ్రాసెను. అనగా యుద్ధమునకు సుమారు 240 ఏండ్ల తరువాత. అతడు వ్రాయునాటికి బిజాపురపు బురుజులపై మహాయంత్రములు నిలిచియుండెను. ఫిరంగులు లేని యుద్ధ మాతని కూహకు కూడ దూరము. అతడాధారముగా బేర్కొన్న ముల్లా దావూదు బీదరీ గ్రంథము నేడు లభింపదు. అంతకంటె ముఖ్యమైనవి మాటలు. రాయల బండ్లను వర్ణించుచో నతడు వాడిన 'జర్బ్‌జన్' అను పదము 16వ శతాబ్దమున తురుష్కుల తేలిక ఫిరంగికి పేరు. 1526లో పానిపట్టున బాబరు వాడినది యదియే. ఇక ఫరంగీలన్ననో, పోర్చుగీసువారు కోళికోడు చేరినది 1498లో. అంతకు నూటముప్పది యేండ్లకు ముందే ఫరంగీలు గుంపుగా బహమనీ కొలువున ఫిరంగులు ప్రేల్చిరనుట నమ్మదగినది గాదు. ఫెరిస్తా తన కాలపు వస్త్రములను తాతముత్తాతలకు తొడిగినాడు.

అయినను ఆ వాక్యమును పూర్తిగా త్రోసివేయుటయు న్యాయము కాదు. 'ఆతిష్‌బాజీ' యనగా నగ్నిక్రీడ, మన బాణసంచాయే. సూరేకారము, గంధకము, బొగ్గు కలిపిన మందును గొట్టమున కూరి ఎగురవేయు విద్య చీనా దేశమునుండి మంగోలుల వెంట పడమటికి వ్యాపించిన దా కాలముననే. 1443లో విజయనగరమును దర్శించిన పారసీక రాయబారి అబ్దుర్రజాకు మహానవమి యుత్సవములందు బాణసంచా వైచిత్రిని కన్నులార చూచి వ్రాసెను. ఇటీవలి చరిత్రకారులలో ఇక్తిదార్ ఆలం ఖాను మందుతో నెగురు బాణము మన దేశమున ఫిరంగికంటె ముందుదని విపులముగా చర్చించెను. కావున కౌతాళమున ఏమైన ప్రేలినచో నది గుండును విసరు ఫిరంగి గాక, గుఱ్ఱములను, ఏనుగులను బెదరగొట్టు అగ్నిబాణమై యుండుననుట సమంజసము.

ఇచట పండితులు సాధారణముగా నొక ప్రశ్న వేయుదురు: శతఘ్ని, నాళికము అను పదములు ప్రాచీనగ్రంథములలో నుండగా ఫిరంగులు తురుష్కులు తెచ్చినవని యేల యనవలయును? మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో నాచార్యుడగు గుస్తావ్ ఒప్పర్టు 1880లో శుక్రనీతిని ఆధారము చేసికొని యీ వాదమునే బలపరచెను. కాని శుక్రనీతిలో తుపాకిని, మందును వర్ణించు భాగము చాల అర్వాచీనమని పిమ్మటివారు నిరూపించిరి. శతఘ్ని యనగా నూర్గురను చంపునది యనియే కాని, అగ్నితో చంపునదని యర్థము లేదు. తెలుగు పలుకుబడియే దీనికి సాక్షి. తుపాకి తురుష్కపదము, ఫిరంగి ఫరంగీల పేరు. ప్రాచీనవస్తువే యైనచో దానికి తెచ్చినవాని పేరు పెట్టవలసిన పనియేమి? బాణమునకు మాత్రము మన పాత పేరే నిలిచినది.

ఫిరంగి నిస్సందేహముగా ఈ సీమను తాకినది 16వ శతాబ్దమున. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరును ముట్టడించినపుడు పోర్చుగీసు తుపాకివారు కోటగోడలపై కనబడినవారిని గురిచూచి పడగొట్టిరని నూనిజు వ్రాసెను. 1565లో రక్కసి–తంగడి యుద్ధమున జరిగినది మరింత విచిత్రము. అహమ్మదునగరపు ఫిరంగులకు నాయకుడైన రూమీఖాను, శత్రువులు మిక్కిలి దగ్గరకు వచ్చువరకు నోర్చి, గుండ్లకు మారుగా రాగినాణెముల సంచులను కూరి ప్రేల్పించెను. గుండొక్కటి ఒక వరుసను కూల్చిన, నాణెములు విచ్చిపోయి వేయి గాయములు చేయును. ఈ వృత్తాంతమును చెప్పినవాడును ఫెరిస్తాయే. ఐనను 1366 నాటి కథను శంకించినవారు దీనిని నమ్మవచ్చును. అతడు వ్రాయునాటికి ఆ యుద్ధము ముగిసి నలుబదియేండ్ల చిల్లర మాత్రమే. చూచినవా రింకను జీవించియే యుండిరి. మూడేండ్లకు, 1568లో, ఆదవాని బిజాపురము వారి వశమయ్యెను.

1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజుజంగు కోటను చుట్టుముట్టి, కోటాధిపతి సిద్ది మసూదుఖాను కట్టించిన జుమ్మా మసీదుపైకి ఫిరంగులను త్రిప్పగా, మసీదు కూలుట చూడలేక ఖాను కోట నప్పగించెనని స్థానికులు చెప్పుదురు.

18వ శతాబ్దమున మరల బాణము పైచేయి యయ్యెను. ఆదవాని జాగీరుదారు బసాలతుజంగు, నిజాము ఆలీకి తమ్ముడు, 1779లో గుంటూరు సర్కారు నాంగ్లేయుల కిచ్చి, వారి సేనను తన రక్షణకు కోరెను. ఆ సేన ఆదవానికి పోవు మార్గమును హైదరాలీ యడ్డగించెను. గుంటూరున నిలిచిన యా దళమే పిమ్మట బెయిలీ నాయకత్వమున దక్షిణమునకు నడచి, 1780 సెప్టెంబరు 10వ తేదీన పొల్లిలూరున నాశనమయ్యెను. బెయిలీ మందుబండ్లు ప్రేలిపోవుటయే యా పరాజయమునకు ముఖ్యకారణము. వానికి నిప్పంటించినది బాణమా, పూర్వము బసాలతుజంగు కొలువున నుండి హైదరును చేరిన ఫ్రెంచి లాలీ ఫిరంగియా యనుటలో భిన్నాభిప్రాయములు గలవు.

మైసూరు బాణపు విశేషము దాని యినుప గొట్టము. ఐరోపావారు కాగితపు గొట్టములను వాడుచుండిరి. అవి మందుబలమున కాగవు. ఇనుము వేడిగాలి నొత్తిడిలో నిలుపుటచే బాణము వేయిగజములకు మించి పారెడిది. గొట్టము జానెడునుండి మూరెడులోపు. దానికి పొడుగైన వెదురుకఱ్ఱ కట్టుదురు. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిదప కొన్ని బాణములు ఇంగ్లండులోని వూల్విచ్చికి చేరెను. వానిని చూచి కాంగ్రీవు 1804 మొదలు తన బాణములను తయారుచేసెను. 1807లో కోపెన్‌హేగను పట్టణమును కాల్చినవి యవియే. 2018లో శివమొగ్గ మండలపు నగరమున నొక పాడునూతిని త్రవ్వగా తుప్పుపట్టిన బాణములు వేయికి పైగా దొరకినవి.

అట్టి బాణములవారితో టిప్పుసుల్తాను 1786లో ఆదవానిపై బడెను. బసాలతుజంగు కుమారుడు మహబ్బతుజంగు ధైర్యముతో నెదుర్చుకొనెను. నిజాము సైన్యము వచ్చి యతనిని, కుటుంబమును తుంగభద్ర దాటించెనే కాని కోటను నిలుపుకొనలేదు. టిప్పు కోటగోడలను పడగొట్టించి, ఫిరంగులను, సామగ్రిని గుత్తికిని బళ్లారికిని తరలించెను. లోహయంత్రము లట్లు పోయినవి. తరువాత నూరేండ్లకు కోటను వర్ణించిన ఆంగ్లేయాధికారుల గ్రంథములలో, బారాకిల్లా కొండపైన పాత మందుకొట్ల ప్రక్క 'విచిత్రమైన రాతి ఫిరంగి' యొకటి పేర్కొనబడినది. రాతి గొట్టము మందు పేలుడు నెక్కువసార్లు తాళదు. కాని మాల్టాద్వీపమున 18వ శతాబ్దమున సముద్రతీరపు బండలనే గుంటలుగా తొలిచి, మందు పోసి, పైన గులకరాళ్లు నింపి, ఓడలమీదికి ప్రేల్చు నేర్పాటు చేసిరి. కొండ యెక్కువారిపై రాళ్లు కురిపించుటకు బారాకిల్లా యంత్ర మట్టిదే యగునా, కాదా యనుటకు పరీక్ష సులభము. దాని వెనుకభాగమున రంజకము పోయు సన్నని రంధ్రమున్నచో నది యాయుధము.