రోడ్డు ప్రజలది, రికార్డు కంపెనీది: డ్రైవర్‌లేని కార్ల పరీక్షలపై ప్రభుత్వ పర్యవేక్షణ – ఒక పరిశీలన

డ్రైవర్‌లేని కార్లను ప్రజల రోడ్ల మీద పరీక్షించడం గురించి పదేళ్లకు పైగా వస్తున్న పరిశోధనలో ఎక్కువ భాగం ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది: మనిషి కన్నా యంత్రం బాగా నడుపుతుందా? ఇది ఇంజినీర్లు అడగవలసిన ప్రశ్న. ప్రభుత్వ పర్యవేక్షణను పరిశీలించేవారు మొదట అడగవలసింది వేరే ఉంది. రోడ్డు మీద ప్రమాదం జరిగితే, ఏం జరిగిందో చెప్పే ఆధారం ఎవరి దగ్గర ఉంటుంది? కంపెనీ దయ లేకుండా ప్రభుత్వం దాన్ని తెరిచి చూడగలదా? విధాన పరిశోధనలో ఈ ప్రశ్నకు దక్కిన చోటు చాలా తక్కువ. పర్మిట్ల సంఖ్య, బీమా మొత్తం, తిరిగిన మైళ్లు లెక్కగట్టి, ఈ రాష్ట్రం కఠినం, ఆ రాష్ట్రం ఉదారం అని తేల్చడంతోనే సరిపోతోంది. ఆ కొలతలో రెండు కొసల్లో నిలిచేవి అమెరికాలోని కాలిఫోర్నియా, అరిజోనా. అక్కడ జరిగిన రెండు ప్రమాదాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ తేడా చాలావరకు పైపైదేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పూర్వ పరిశోధన

ఈ కార్లను నిషేధించే మాట అమెరికా చట్టాల్లో ఎక్కడా స్పష్టంగా లేదని బ్రయంట్ వాకర్ స్మిత్ 2012లోనే వాదించారు. యంత్రవ్యవస్థ చేసిన తప్పు చివరికి దాని పక్కనున్న మనిషి మెడకు ఎలా చుట్టుకుంటుందో మాడలిన్ ఎలిష్ చూపించారు. ఈ రెండూ విలువైన కృషి. విధాన చర్చల్లో మాత్రం పదేపదే ఎదురయ్యే పేరు రాండ్ సంస్థ పరిశోధకురాలు నిధి కల్రాది. కనుక ఈ వ్యాసం వాదన ప్రధానంగా ఆమెతోనే.

సుసాన్ పాడక్‌తో కలిసి 2016లో ఆమె వెలువరించిన నివేదిక గట్టిది. ప్రాణనష్టం విషయంలో ఈ కార్లు మనుషులతో సమానమని గణాంకపరంగా నిరూపించాలంటే, ఒక్క మరణమూ లేకుండా 27.5 కోట్ల మైళ్లు తిరగాలని ఆ నివేదిక లెక్కగట్టింది. 100 కార్లు రాత్రీ పగలూ గంటకు 25 మైళ్ల సగటు వేగంతో తిరిగినా అందుకు పన్నెండున్నర ఏళ్లు పడుతుంది. మరుసటి ఏడాది డేవిడ్ గ్రోవ్స్‌తో కలిసి రాసిన నివేదికలో స్వరం మారింది. సగటు మనిషి కన్నా యంత్రం 10 శాతం మెరుగైతే చాలు, రోడ్డు మీదికి రానివ్వడమే మేలు, 75 శాతమో 90 శాతమో మెరుగయ్యేదాకా ఆగితే ఈలోగా ఎక్కువ ప్రాణాలు పోతాయి అన్నది దాని సారాంశం.

రెండు నివేదికలనూ వరసగా చదివితే చిక్కు ఇట్టే తెలుస్తుంది. రోడ్డు మీద తిప్పి కొలవడం దాదాపు అయ్యే పని కాదని 2016లో తేల్చినవారే, 2017లో 10 శాతం అనే కొలత మీద విధానాన్ని నిలబెట్టారు. ఆ 10 శాతాన్ని ఎవరు కొలుస్తారు? ఏ రికార్డులు చూసి? ఆమె నమూనాలో అది ముందే ఇచ్చిన అంకె, లెక్క ఆ తరవాతే మొదలవుతుంది. వాస్తవంలో ఆ అంకెను ఇవ్వగలిగింది కంపెనీ ఒక్కటే. పరీక్ష రాసినవాడి చేతే పేపరు దిద్దించడం లాంటిది ఇది. ఆగడం వల్ల పోయే ప్రాణాలకు కల్రా లెక్క వేశారు. ఆధారం చేతిలో లేకుండా అనుమతి ఇచ్చి ప్రభుత్వం పోగొట్టుకునే అధికారానికి లెక్క వేయలేదు. ఆమె వాదంలోని అసలు లోపం ఇదే.

టెంపీ: అడగని ప్రభుత్వం

2016 డిసెంబరులో ఉబర్ సంస్థ పర్మిట్ తీసుకోకుండా శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో పరీక్ష కార్లు తిప్పింది. కాలిఫోర్నియా మోటారు వాహనాల శాఖ 16 కార్ల రిజిస్ట్రేషన్ రద్దు చేసింది. ఆ కార్లు అరిజోనాకు తరలిపోయాయి. అక్కడి గవర్నర్ డగ్ డ్యూసీ వాటికి బహిరంగంగా స్వాగతం పలికారు. అంతకుముందే, 2015 ఆగస్టులో, పరీక్షలను ప్రోత్సహిస్తూ ఆయన ఒక ఉత్తర్వు ఇచ్చి, దానితోపాటు ఒక పర్యవేక్షణ కమిటీని కూడా ఏర్పాటు చేశారు. అయితే భద్రత దృష్టితో దరఖాస్తులను పరిశీలించి అనుమతి ఇచ్చే పద్ధతి ఏదీ ఆ రాష్ట్రంలో ఏర్పడలేదు.

2018 మార్చి 18 రాత్రి పది గంటల వేళ, టెంపీ నగరంలో సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న 49 ఏళ్ల మహిళను ఉబర్ పరీక్ష కారు ఢీకొట్టింది. ఆమె మరణించింది. మర్నాడే నగర పోలీసు అధిపతి కారులోని వీడియో చూసి, ఆమె చీకట్లోంచి హఠాత్తుగా వచ్చింది కనుక ఉబర్ తప్పు ఉండకపోవచ్చని పత్రికలతో అన్నారు. ఆ వీడియోలో నిజంగానే చీకటి తప్ప పెద్దగా ఏమీ లేదు.

కారు లోపలి రికార్డు వేరే కథ చెప్పింది. జాతీయ రవాణా భద్రతా మండలి దర్యాప్తు ప్రకారం, ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే వ్యవస్థ ఆమెను పసిగట్టింది. అప్పుడు కారు వేగం గంటకు 43 మైళ్ల దగ్గర ఉంది. మొదట వాహనమనుకుంది, తరవాత ఏదో వస్తువనుకుంది, ఆ తరవాత సైకిలనుకుంది. ఇలా పేరు మార్చిన ప్రతిసారీ అంతకుముందు ఆమె కదిలిన దారిని లెక్కలోంచి వదిలేసి మళ్లీ మొదటికి వచ్చింది. జీబ్రా గీతలు లేనిచోట మనుషులు రోడ్డు దాటుతారన్న ఊహే ఆ వ్యవస్థ రూపకల్పనలో లేదు. ఢీకొనబోతున్నామని 1.2 సెకన్ల ముందు గుర్తించాక కూడా వెంటనే బ్రేకు వేయలేదు. అనవసరంగా బ్రేకులు పడకుండా ఒక సెకను ఆగేలా దాన్ని తయారుచేశారు. వోల్వో కారుతోపాటు వచ్చే అత్యవసర బ్రేకును, కంప్యూటర్ నడుపుతున్నంతసేపూ పనిచేయకుండా ఆపేశారు. అంతకు కొన్ని నెలల ముందే కారులో ఇద్దరుండే సేఫ్టీ డ్రైవర్లను ఒక్కరికి తగ్గించారు. ఆ ఒక్కరూ ఆ క్షణంలో ఫోను చూస్తున్నారు.

పోలీసు అధికారి చూసిన వీడియోకీ ఈ రికార్డుకీ మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసం విషయం. సెకన్ల లెక్క బయటికి రావడానికి కంపెనీ అందించిన డేటాయే ఆధారమైంది. మండలి తన తుది నివేదికలో సేఫ్టీ డ్రైవర్‌ను, కంపెనీ భద్రతా లోపాలను, వాటితోపాటు అరిజోనా రవాణా శాఖ పర్యవేక్షణ చాలకపోవడాన్నీ తప్పుపట్టింది. ఫెడరల్ స్థాయిలో 2017 మార్గదర్శకాలు కంపెనీలను భద్రతా స్వీయ మదింపు సమర్పించమన్నాయి, అదీ ఇష్టమైతేనే. దాన్ని తప్పనిసరి చేయాలని మండలి సిఫారసు చేసింది. సిఫారసు దాటి వెళ్లే అధికారం ఆ మండలికి లేదు. చివరికి కోర్టు మెట్లెక్కింది సేఫ్టీ డ్రైవర్ ఒక్కరే. 2023లో నేరం ఒప్పుకొని మూడేళ్ల ప్రొబేషన్ పొందారు. కంపెనీపై క్రిమినల్ కేసుకు ఆధారం లేదని ప్రాసిక్యూటర్ 2019లోనే తేల్చేశారు.

శాన్‌ఫ్రాన్సిస్కో: అడిగినా అందని సాక్ష్యం

కాలిఫోర్నియాలో కాగితాలకు కొదవ లేదు. 2014 నుంచి పర్మిట్ ఉండాలి, 50 లక్షల డాలర్ల బీమా చూపాలి, ప్రమాదమైతే పది రోజుల్లో రిపోర్టివ్వాలి. సేఫ్టీ డ్రైవర్ ఎన్నిసార్లు పగ్గాలు చేతిలోకి తీసుకోవలసి వచ్చిందో ఏటా లెక్క చెప్పాలి. అయితే ఏ సంఘటన ఆ లెక్కలోకి వస్తుందో తేల్చుకునేది కంపెనీలే.

2023 ఆగస్టు 10న రాష్ట్ర ప్రజా వినియోగ సేవల కమిషన్ 3–1 ఓటుతో క్రూజ్, వేమో సంస్థలకు నగరమంతటా ఇరవైనాలుగు గంటలూ డ్రైవర్‌లేని కార్లను కిరాయికి తిప్పుకునే అనుమతి ఇచ్చింది. రెండు నెలలు తిరగకుండానే, అక్టోబరు 2 రాత్రి, మనిషి నడుపుతున్న ఒక కారు ఢీకొట్టిన మహిళ ఎగిరి క్రూజ్ కారు ముందు పడింది. ఆ కారు ఆమెను గుద్ది ఆగింది. తరవాత పక్కకు తీసి నిలుపుకునే ప్రయత్నంలో, కింద ఇరుక్కున్న ఆమెను సుమారు 20 అడుగులు ఈడ్చుకుపోయింది.

మర్నాడు కంపెనీ ప్రతినిధులు మోటారు వాహనాల శాఖ అధికారులను కలిసి వీడియో చూపించారు. తమకు చూపిన వీడియో కారు మొదటిసారి ఆగిన దగ్గరే ముగిసిందనీ, ఆ తరవాతి కదలిక గురించి తమకు చెప్పలేదనీ, అది మరో ప్రభుత్వ సంస్థ ద్వారానే తెలిసిందనీ శాఖ తన ఉత్తర్వులో రాసింది. పూర్తి వీడియోనే వేశామనీ, ఇంటర్నెట్ ఇబ్బంది వల్ల అందరికీ కనిపించి ఉండకపోవచ్చనీ కంపెనీ పక్షం చెప్పుకుంది. అక్టోబరు 24న శాఖ పర్మిట్లను నిలిపివేసింది. ఫెడరల్ రహదారి భద్రతా సంస్థకు ఇచ్చిన రిపోర్టులో ఈడ్చుకుపోయిన సంగతి రాయనందుకు 2024లో 15 లక్షల డాలర్ల జరిమానా పడింది. తప్పుడు రిపోర్టిచ్చామని న్యాయశాఖ ముందు ఒప్పుకొని కంపెనీ మరో 5 లక్షల డాలర్లు చెల్లించింది.

ఇక్కడ చూడవలసింది జరిమానా మొత్తం కాదు. రోడ్డు మధ్యలో, నగరం నడిబొడ్డున జరిగిన ప్రమాదంలో చివరి కొన్ని సెకన్లు ఏమయ్యాయో తెలుసుకోవడానికి దేశంలోనే కఠినమైనదని పేరున్న శాఖ, కంపెనీ పట్టుకొచ్చిన వీడియో ముందు కూర్చోవలసి వచ్చింది. అరిజోనా అడగలేదు, కాలిఫోర్నియా అడిగింది. రెండు చోట్లా సాక్ష్యం కంపెనీ సర్వర్లలోనే ఉంది. 2.53 కోట్ల మైళ్లపై స్విస్ రీ బీమా సంస్థతో కలిసి వేమో చేసిన అధ్యయనంలో శరీరగాయాల క్లెయిములు మనుషులు నడిపే కార్ల కన్నా 92 శాతం తక్కువని తేలిన మాట నిజమే గానీ, అది కూడా కంపెనీ భాగస్వామిగా ఉన్న లెక్కే.

మన చట్టం, మన రోడ్డు

మన దగ్గర ప్రాణాంతక ప్రమాదం జరిగితే పోలీసులు సంఘటనా స్థలంలో పంచనామా రాస్తారు. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ స్వయంగా బండిని చూసి, బ్రేకులు, స్టీరింగ్, టైర్లు పరీక్షించి, ప్రమాదానికి యాంత్రిక లోపం కారణమా కాదా అని రిపోర్టిస్తారు. పరిహార ట్రిబ్యునల్లో ఆ కాగితానికి విలువ ఉంది. అమలులో లోపాలెన్ని ఉన్నా, సూత్రం సరైనది. బండిని చూసేది ప్రభుత్వ కళ్లు, రాసేది ప్రభుత్వ చేయి. టెంపీ కారును మన ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెడితే, బ్రేకులు బాగున్నాయని నిజాయితీగా రాసి సంతకం పెడతారు. లోపం ఉన్నది ఆయన తెరవలేని చోట.

డ్రైవర్ల ఉపాధి పోతుందన్న కారణంతో ఇలాంటి కార్లను రానివ్వబోమని కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ 2017లోనూ 2023లోనూ అన్నారు. మంత్రి మాట ఎప్పుడైనా మారవచ్చు. చట్టంలో మాత్రం తలుపు తెరిచే ఉంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 2బి సెక్షన్, పరిశోధన, నవకల్పనల ప్రోత్సాహం పేరిట కొన్ని రకాల వాహనాలను చట్టం నుంచి మినహాయించే అధికారాన్ని కేంద్రానికి ఇస్తోంది. షరతులు పెట్టవచ్చని ఆ సెక్షనే చెబుతోంది. రికార్డు స్వాధీనం గురించిన మాట సెక్షన్‌లో లేదు. సంగారెడ్డి జిల్లా కందిలో, ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో 2022 జూలైలో ప్రారంభమైన తిహాన్ పరీక్షా క్షేత్రం వంటి చోట్ల, ప్రహరీ లోపల ఎన్ని ప్రయోగాలైనా చేయవచ్చు. గేటు దాటి ముంబై హైవే ఎక్కిన క్షణం నుంచి ఆ ప్రయోగంలో అడగకుండానే చేర్చబడేది పాదచారి, సైకిల్ మీద వెళ్లే కూలీ, స్కూలు పిల్ల.

సాక్ష్యం తన చేతిలో లేని ప్రభుత్వం చేసేది పర్యవేక్షణ అనిపించుకోదు. ఈ నిర్ధారణ అమెరికాకే పరిమితం కాదు, ఏ దేశానికైనా ఇదే వర్తిస్తుంది. 2బి కింద షరతులు రాసే రోజు వస్తే మూడు విషయాలు అందులో ఉండి తీరాలి. పరీక్ష కారు రికార్డు కారు కదులుతున్నప్పుడే ప్రభుత్వ సర్వర్‌కూ చేరాలి. దాన్ని చదవగల సాఫ్ట్‌వేర్ నిపుణులు రవాణా శాఖలోనే ఉద్యోగులుగా ఉండాలి. రికార్డు దాచినా కత్తిరించినా బాధ్యత సేఫ్టీ డ్రైవర్ మీదికి కాక కంపెనీ డైరెక్టర్ల మీదికి వెళ్లాలి. ఈ మూడింటికీ ఒప్పుకోని కంపెనీకి మన రోడ్డు ఇవ్వకూడదు.