నార్వే జానపదకథకులు : అచ్చున నిలువని పేరులు

నార్వే జానపదకథలు లోకమునకు పీటర్ క్రిస్టెన్ ఆస్బ్యోర్న్‌సెన్ (1812-1885), యోర్గెన్ మో (1813-1882) అను నిరువురి పేరులతో తెలిసినవి. వీరు సంకలనకర్తలు, కథ చెప్పినవారు వేరు. ఆ చెప్పినవారి జీవన మెట్టిదో, వారి పేరు లేల మరుగుపడినవో యీ వ్యాసమున పరిశీలింప బూనితిమి.

1814లో నార్వే డెన్మార్కునుండి విడివడి, ఆ యేడే స్వీడనుతో నొకే రాజు క్రింద చేరెను. డెన్మార్కు ప్రభుత్వము తొలగినను, గ్రంథములందు డేనిషు భాషయే నిలిచెను. పల్లెల పలుకుబడికి వ్రాతలో స్థానము లేకుండెను. దానిని నోట నిలిపినవారిలో కథకులు ముఖ్యులు. వీరిలో పెక్కురు పేదలు: ఆసామి పొలమున పనిచేసి, అందులకు బదులుగా గుడిసెను, చిన్న చెక్క భూమిని అనుభవించు 'హుస్మన్' కుటుంబములవారు, సేవకులు, ఇంటింట వంతుచొప్పున పోషింపబడు నిరాధారులు. శీతకాలపు దీర్ఘరాత్రులలో చేతిపనుల నడుమ వీరి కథ సాగెడిది.

మొదటి సంపుటము 1841లో చిన్న పుస్తకముగా వెలువడెను. దానిపై సంకలనకర్తల పేరులైనను లేవు. పిమ్మట వారి పేరులు చేరినవి. కథలక్రింద చెప్పినవారి పేరులు చేరలేదు. కథ జాతి సొత్తు, చెప్పువాడు దానిని మోయువాడు అని గ్రిమ్ సోదరుల మార్గమున నడచిన పండితుల భావము. ఈ లోపమునకు మూలమదియే యని మేము తలంతుము.

1845లో ఆస్బ్యోర్న్‌సెన్ ప్రకటించిన వనదేవతల కథలలో మాత్రము కథకులు కంటికి కనబడుదురు. కాటికాపరి యొకడు, మంత్రవైద్యము చేయు బెర్తె టుప్పెన్‌హౌగ్ అను వృద్ధస్త్రీ, తమ మాటతీరుతోనే కథలు చెప్పుదురు. వీరు రచయిత తీర్చిన పాత్రలు. అయినను వీరివలన కథకుల వృత్తియు, విశ్వాసములును మన కెరుకపడుచున్నవి.

తరువాతి తరమున దృష్టి మారెను. యోర్గెన్ కుమారుడు మోల్ట్కె మో (1859-1913) టెలెమార్కు ప్రాంతమున కథలు సేకరించి, 1886లో విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. రికార్డ్ బెర్గె (1881-1969) కథకులనే పరిశోధనవిషయముగా గ్రహించి, వారి బ్రతుకును చెప్పుతీరును గ్రంథస్థము చేసెను. 1914లో జానపదవాఙ్మయ భాండాగారము స్థాపితమైనది.

ఒకే కథ ఇరువురి నోట రెండు విధములుగ నుండును. ఆ భేదమునకు హేతువు కథకుని వయస్సున, వృత్తియందు, విన్న పరంపరయందు వెదకవలసియుండును. పేరు పోయిన కథయం దట్టి విచారణకు తావు లేదు. కావున కథను వ్రాసికొను విద్యార్థి చెప్పినవారి పేరు, ఊరు, వృత్తి, వారు దాని నెవరివలన వినిరో గూడ వ్రాసికొనుట ఆవశ్యకమని మా యభిప్రాయము.