బౌషర్‌లో పిల్లలకు ఆపద వస్తే ఎవరికి చెప్పాలి?

మస్కట్ గవర్నరేట్‌లోని బౌషర్ విలాయత్‌లో ఘుబ్రా, అల్ ఖువైర్, అజైబా ప్రాంతాల్లో భారతీయ కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలపై హింస, వేధింపులు జరిగితే ఒమన్ సాంఘికాభివృద్ధి శాఖ హెల్ప్‌లైన్ 1100కు ఫోన్ చేయాలి. ప్రాణాపాయం ఉంటే పోలీసుల నంబరు 9999.

బాలల చట్టం (రాయల్ డిక్రీ 22/2014) ప్రకారం 18 ఏళ్లలోపు వారంతా బాలలే. ఫిర్యాదులను బాలల రక్షణ కమిటీలు చూస్తాయి. డాక్టర్లు, టీచర్లు, సోషల్ వర్కర్లు తమ ఉద్యోగంలో ఇలాంటి విషయం గమనిస్తే తెలియజేసి తీరాలి. అందుకే బిడ్డ ఒంటిమీద దెబ్బ గురించి టీచర్ అడిగితే కోపం తెచ్చుకోకండి. అది వారి బాధ్యత.

తప్పు చేసి పట్టుబడిన పిల్లలకు 2008 నాటి బాలనేరస్తుల చట్టం ఉంది. 9 ఏళ్లు నిండి 18 నిండని వారికి ఇది వర్తిస్తుంది. వారి ఇంటి పరిస్థితులనూ విచారిస్తారు. శిక్ష కన్నా పిల్లలను దారిలో పెట్టడమే దీని ఉద్దేశం.

పిల్లలను ఊళ్లో అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర ఉంచి వచ్చినవారు అక్కడి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098ని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

పరువు పోతుందనో, వీసాకు ఇబ్బందనో ఊరుకుంటే నష్టపోయేది బిడ్డే.