ఇంటి దుమ్ములో సీసం

ప్రొద్దున ఊడ్చి పారబోసే దుమ్ములో ఊరి చరిత్ర కొంత ఉంటుందంటే వింతగా తోచవచ్చు. 2016 వరకు కరీంనగరు జిల్లాలో ఉన్న రామగుండాన్నే చూడండి. 1983లో అక్కడ జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థవారి కేంద్రం పని ప్రారంభించింది. మన బొగ్గులో సుమారు మూడవ వంతు బూడిదే. అందులో సీసం, ఆర్సెనిక్, క్రోమియం లేశమాత్రంగా ఉంటవి. చెరువులో ఎండిన బూడిద గాలికి లేస్తుంది.

నింద అంతా బూడిదకే అంటగట్టరాదు. పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపితే ఇంజను కొట్టుకొనడం ఆగుతుందని 1921లో అమెరికాలో మిడ్జ్‌లీ కనుగొన్నాడు. మన దేశం దానిని 2000 ఫిబ్రవరిలో గాని మానలేదు. ఆదిలాబాదు మీదుగా నాగపూరు పోయే లారీలు డీజిలువి. వాటికి ఈ పాపం అంటదు, కార్లకూ స్కూటర్లకే. ఇండ్ల రంగులలో సీసానికి 2017 నవంబరులో పరిమితి వచ్చింది: పదిలక్షల పాళ్ళలో 90. పాత తలుపుల రంగులో సీసముంటే అది నేటికీ పొడిగా రాలుతున్నదన్నమాట.

సీసం కుళ్ళదు, నశించదు. పసివాళ్ళకే ప్రమాదమని అనుకుంటాం గాని, పెద్దల ఒంట్లో అది కాల్షియంవలె ఎముకలలో చేరి పదుల ఏండ్లు నిలుస్తుంది. వార్ధక్యంలో ఎముక క్షీణించినపుడు తిరిగి రక్తంలోకి దిగుతుంది. రక్తపోటు హెచ్చుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటవి. పొడి చీపురు ఈ దుమ్మును మళ్ళీ గాలిలోకి లేపుతుంది. తడిగుడ్డ పట్టి ఉంచుతుంది.