కల్తీ కల్లులో కృత్రిమ మత్తుమందులు: ఉత్తర తెలంగాణ నేపథ్యంలో ఔషధశాస్త్ర పరిశీలన

సారాంశం: కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రజోలం కలపడం తెలంగాణలో దశాబ్దాలుగా సాగుతున్న కల్తీ. ఈ మందులు మెదడులో పనిచేసే తీరునూ, అవి ఒక్కసారిగా అందకుండా పోతే వచ్చే ఉపద్రవాలనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సరఫరాను ఆపిన రోజే చికిత్స కూడా మొదలుకావాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కల్తీ కల్లు, క్లోరల్ హైడ్రేట్, బెంజోడయజెపైన్లు, గాబా, ఉపసంహరణ లక్షణాలు.

1. నేపథ్యం

వేములవాడ, సిరిసిల్ల, కరీంనగర్ పల్లెల్లో పెండ్లికైనా, చావుకైనా, పండుగకైనా కల్లు ఉండాల్సిందే. చెట్టు నుంచి కారే తియ్యటి నీరా లొట్టిలోనే ఈస్ట్ వల్ల పులుస్తుంది. అందులో ఆల్కహాలు సుమారు 4–6 శాతం. చెట్లు తక్కువై గిరాకీ పెరిగిన చోట కల్లులో నీళ్లు, తీపి పదార్థాలు కలుపుతారు. అలా తగ్గిన మత్తును మందులతో పూడుస్తారు. తాగేవాడికి ఏ మందు ఎంత పడిందో తెలియదు.

2. మందులు పనిచేసే తీరు

క్లోరల్ హైడ్రేట్‌కు మూలమైన క్లోరల్‌ను 1832లో లీబిగ్ తయారుచేశారు. 1869లో బెర్లిన్‌లో లీబ్రైఖ్ క్లోరల్ హైడ్రేట్‌ను నిద్రమందుగా వైద్యంలోకి తెచ్చారు. ఇది కాలేయంలో ట్రైక్లోరోఇథనాల్‌గా మారి మత్తునిస్తుంది. ఆల్కహాలు విచ్ఛిన్నమయ్యేటప్పుడు పుట్టే ఎన్ఏడీహెచ్ ఈ మార్పును వేగిరపరుస్తుంది. ట్రైక్లోరోఇథనాల్ తిరిగి ఆల్కహాలు విచ్ఛిన్నాన్ని అడ్డుకుంటుంది. ఒకదాని మత్తును ఇంకొకటి పెంచుతుంది కనుకనే ఈ జోడీ అంత ప్రమాదకరం. మోతాదు మించితే గుండె లయ కూడా తప్పుతుంది.

1963లో రోష్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చిన డైజోఫాం, 1981లో అమెరికాలో అనుమతి పొందిన అల్ప్రజోలం బెంజోడయజెపైన్లు. మెదడును శాంతింపజేసే గాబా అనే రసాయనానికి గాబా-ఎ గ్రాహకాల వద్ద ఇవి బలం పెంచుతాయి. ఆల్కహాలు పనిచేసేదీ అక్కడే. అందువల్ల మూడూ కలిస్తే స్పృహ తప్పడం, శ్వాస మందగించడం చాలా తేలిగ్గా జరుగుతాయి. అల్ప్రజోలం రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు 11 గంటలు పడుతుంది. డైజోఫాం, దాని ఉత్పన్నాలు రోజుల తరబడి నిలుస్తాయి.

3. ఆపినప్పుడు

రోజూ మందు అందుతుంటే గాబా-ఎ గ్రాహకాలు మొద్దుబారతాయి, మెదడును ఉత్తేజపరిచే గ్లుటమేట్ వ్యవస్థ బలపడుతుంది. మందు ఒక్కసారిగా ఆగితే అడ్డు తొలగిన ఉత్తేజం వణుకు, నిద్రలేమి, భ్రమలు, మూర్ఛలుగా బయటపడుతుంది. అల్ప్రజోలం త్వరగా తగ్గిపోతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే ఈ లక్షణాలు కనిపించవచ్చు. డైజోఫాం అలవాటైతే ఆలస్యంగా మొదలవుతాయి.

2015 సెప్టెంబరులో కల్తీపై దాడులు పెరిగినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జరిగింది ఇదే. కల్లు దొరకక వింతగా ప్రవర్తిస్తున్నవారితో ఆసుపత్రులు నిండాయి. మరణాలూ సంభవించాయి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగినవారే ప్రాణాలు కోల్పోయారు. తాగినా ముప్పే, ఉన్నపళంగా ఆగినా ముప్పే.

4. చర్చ

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద అల్ప్రజోలం 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. ఆ కఠినత్వం అవసరమే. అయితే దుకాణం మూయించిన మర్నాడు వణుకుతూ వచ్చే కూలీ మనిషి నేరస్థుడు కాదు, రోగి. అతనికి దీర్ఘకాలం పనిచేసే బెంజోడయజెపైన్‌ను వైద్యుడి పర్యవేక్షణలో ఇస్తూ క్రమంగా తగ్గించాలి. మద్యం అలవాటు ఉన్నందున థయామిన్ కూడా ఇవ్వాలి. మూత్రపరీక్ష పట్టీలు బెంజోడయజెపైన్లనే పడతాయి, క్లోరల్ హైడ్రేట్‌ను పట్టవు. కాబట్టి పరీక్షలో మందు లేదని తేలినా కల్తీ లేదనుకోరాదు.

5. ముగింపు

దాడికి ముందే ఆబ్కారీ శాఖ స్థానిక వైద్యాధికారికి సమాచారం ఇవ్వాలి. వేములవాడ ఏరియా ఆసుపత్రి వంటి చోట్ల పడకలు, మందులు, శిక్షణ పొందిన సిబ్బంది ముందుగానే సిద్ధంగా ఉండాలి. పట్టుబడ్డ నమూనాలో ఏ మందు ఉందో ప్రయోగశాల నుంచి ఆసుపత్రికి వెంటనే తెలియాలి. చికిత్సను ఏర్పాటు చేయకుండా సరఫరాను మాత్రమే కట్టడి చేస్తే, కల్తీ చేసినవాడి నేరానికి తాగినవాడు ప్రాణంతో మూల్యం చెల్లించాల్సి వస్తుంది.